లోడొచ్చిన రాత్రి పిల్లలు ఎక్కడుంటారు?

అందరికీ నమస్కారం. చెరువుల్లో రొయ్యలు పట్టే ఈ పట్టుబడుల సీజన్లో, ఫోన్ పక్కన పెట్టడానికి వీల్లేని రోజుల్లో ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. వ్యాపారాలు, పిల్లల హక్కులు అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే ఎవరికైనా ముందు బాలకార్మికులే గుర్తొస్తారు. ఇందాక బయట ఒకాయన అన్నారు కూడా, "మా దగ్గర పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళని గేటు కూడా దాటనివ్వం మేడమ్, ఆధార్ చూసే తీసుకుంటాం" అని. మంచిది, అలాగే ఉండాలి. అయితే మన రొయ్యల ప్లాంట్లలోకి ఎప్పుడూ అడుగుపెట్టని పిల్లలు వందల మంది ఉన్నారు, వాళ్ళ నిద్ర, వాళ్ళ పాలు, వాళ్ళ బడి అన్నీ మన షిఫ్టులను బట్టే నడుస్తాయి. నేను వాళ్ళ గురించి మాట్లాడదామని వచ్చాను.

నేను పదహారేళ్ళు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పర్సొనెల్ ఆఫీసర్‌గా, అంటే కార్మికుల వ్యవహారాలు చూసే ఉద్యోగం చేశాను, రెండు చోట్ల. మొదటి ప్లాంటులో చేరిన రెండో ఏడు అనుకుంటా, ఒక రోజు పొద్దున్న పది గంటల టీ టైముకి గేటు బయట ఒక పాప నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళుంటాయి. ఒంటి మీద స్కూలు యూనిఫాం, చంకలో ఐదు నెలల తమ్ముడు. వాడు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, ఇంక ఏడవడానికి ఓపిక లేక ఎక్కిళ్ళు పెడుతున్నాడు. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు, తిండి వస్తువులు తయారయ్యే చోటు కాబట్టి రానివ్వకూడదు, అతని తప్పేమీ లేదు. వాళ్ళమ్మ లోపల తలలు తీసే టేబుల్ దగ్గర ఉంది. కబురు వెళ్ళి, సూపర్‌వైజర్ సరేనని, ఆమె ఏప్రాన్, గమ్‌బూట్లు విప్పి బయటికి వచ్చేసరికి పదిహేను నిమిషాల బ్రేక్‌లో పది నిమిషాలు అయిపోయాయి. మీకు తెలుసు కదా, అక్కడ చేతులు పొద్దుటి నుంచీ ఐసులోనే ఉంటాయి, మధ్యమధ్యలో క్లోరిన్ నీళ్ళలో ముంచాలి. ఆమె పిల్లాణ్ణి వెంటనే ఎత్తుకోలేదు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కాస్త వెచ్చబడేదాకా అలాగే నిలబడింది, ఎందుకంటే ముందు రోజు ఆ చల్లటి చేతులు తగిలి వాడు ఉలిక్కిపడి, పాలు తాగకుండా మొహం తిప్పేసుకున్నాడట. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుని నాలుగు నిమిషాలు పాలిచ్చింది. బెల్ మోగింది. పిల్లాణ్ణి కూతురి చేతికిచ్చి పరిగెత్తింది.

యూనిఫాం వేసుకున్నావు, మరి బడికి వెళ్ళలేదా అని పాపని అడిగాను. "నా బట్టల్లో ఇదే మంచిదండి" అంది. బడి మానేసి అప్పటికి మూడు నెలలైంది.

ఆ పాప పేరు మన మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో ఉండదు. మనం ఆమెకి జీతం ఇవ్వలేదు. కానీ వాళ్ళమ్మ మన టేబుల్ దగ్గర నిలబడగలిగిందంటే ఆ పాప ఇంట్లో చంటివాణ్ణి మోసింది కాబట్టే. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ బడి హక్కని 2009లో చట్టం చేసుకున్నాం. మా ప్లాంటులో బాలకార్మికులు లేరని నేను ఏటా సంతకం పెట్టాను. నా సంతకంలో అబద్ధం లేదు, పాప మాత్రం బడికి దూరమైంది.

క్రెష్, అంటే పనికొచ్చిన తల్లుల పిల్లల్ని చూసుకునే గది, లేదా అని మీరు అడగొచ్చు. ఉంది. 30 మంది కంటే ఎక్కువ ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది కాబట్టి కట్టారు. మేడ మీద, జనరేటర్ గది పక్కన. గోడకి బొమ్మలు, రెండు ఉయ్యాలలు, ఒక అల్మరా నిండా ప్లాస్టిక్ ఆటవస్తువులు, వాటి మీది కవర్లు కూడా విప్పలేదు. ఆయాగా తీసుకున్నావిడని క్యాంటీన్లో గిన్నెలకి పెట్టారు. పిల్లల్ని ఎవరూ తీసుకురాలేదు, ఎలా తీసుకొస్తారు? తెల్లవారుజామున నాలుగున్నరకి ఊరి చివర కంపెనీ బస్సు ఎక్కాలి, బస్సులో పిల్లల్ని ఎక్కించుకోకూడదని రూలు పెట్టింది మేమే. విదేశీ కొనుగోలుదారుల తరఫున ఆడిట్‌కి వచ్చే రోజు మాత్రం ఆ గది నిండా పిల్లలుండేవారు. పక్క పేటలోంచి పిలిపించి, బిస్కెట్ ప్యాకెట్లు చేతిలో పెట్టి కూర్చోబెట్టేవాళ్ళం. పిలిపించినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది, అందుకే ఇక్కడ అందరి ముందూ చెప్తున్నాను.

పిల్లల హక్కులంటే ఏవో పెద్ద మాటలనుకోకండి. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992 డిసెంబరులో చేరింది. అందులో 18వ అధికరణం ఒక్కటి చదివితే చాలు. బిడ్డని పెంచే బాధ్యత తల్లిదండ్రులిద్దరిదీ, పనికి వెళ్ళే తల్లిదండ్రుల పిల్లలకి సంరక్షణ కేంద్రాలు అందాలి అంటుంది. అక్కడ హక్కు ఎవరిదని రాశారో గమనించండి, బిడ్డది. ప్రసూతి సెలవు అయినా, క్రెష్ అయినా మనం ఆడవాళ్ళకి చేస్తున్న మేలు అని లెక్క రాసుకుంటాం, అక్కడే పొరపాటు. 2012లో యునిసెఫ్, సేవ్ ద చిల్డ్రన్, ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్ కలిసి వ్యాపారాల కోసం పది సూత్రాలు రాశాయి, అందులో మూడోది సరిగ్గా ఇదే, పిల్లలున్న కార్మికులకి గౌరవంగా బతకగలిగే పని ఇవ్వాలని.

ఇప్పుడు మన పరిశ్రమకే ప్రత్యేకమైన సమస్య ఒకటుంది, దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. అదే లోడు, అంటే చెరువుల నుంచి ప్లాంటుకి వచ్చే రొయ్యలు. చెరువు ఎప్పుడు పడితే అప్పుడే పని. రాత్రి రెండింటికి మేస్త్రీ ఫోన్ చేస్తాడు, "లోడొచ్చింది, బస్సు బయల్దేరింది" అంటాడు. తల్లి లేచి, చీర చుట్టుకుని, పడుకున్న పిల్లల మీద దుప్పటి సర్ది, బయట గొళ్ళెం పెట్టి వెళ్ళిపోతుంది. భర్త కూడా పట్టుబడి పనికే వెళ్ళి ఉంటాడు చాలా ఇళ్ళల్లో. నాలుగింటికి పిల్ల నిద్ర లేస్తే పక్కన అమ్మ ఉండదు. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదింటికి. ఆ మధ్యలో ఐదు గంటలు ఆ పిల్లలు ఎవరి పిల్లలు?

రెండో ప్లాంటులో మేము ముందు ముట్టుకున్నది ఈ ఫోన్‌నే. కొనుగోలు సెక్షన్‌ని కూర్చోబెట్టి అడిగితే తేలిందేమిటంటే, రేపు ఏ చెరువు పడుతున్నారో, సుమారుగా ఎన్ని టన్నులో చాలా రోజులు వాళ్ళకి ముందు సాయంత్రానికే తెలుసు. తెలిసినా కబురు మేస్త్రీకి చేరేది అర్ధరాత్రి, ఎందుకంటే ముందే చెప్పాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రం ఏడుకల్లా మెసేజ్ వెళ్ళాలని పెట్టాం. ఏడు తర్వాత వచ్చే లోడుకి ఒక స్టాండ్‌బై బ్యాచ్, ఆ బ్యాచ్‌లో ఏడాదిన్నర లోపు బిడ్డ ఉన్నవాళ్ళని వేయకూడదు, పిలవకపోయినా స్టాండ్‌బై వాళ్ళకి సగం కూలి. ఈ సగం కూలి దగ్గర ఓనర్‌గారికీ నాకూ చాలాసేపు వాదన నడిచింది. చివరికి రెండు నెలలు చూద్దామన్నారు. రెండు నెలల తర్వాత ఆయనే తీసేయొద్దన్నారు, చెప్పాపెట్టకుండా మానేసేవాళ్ళు తగ్గి, టేబుల్స్ ఖాళీగా ఉండడం తగ్గింది.

క్రెష్‌ని కూడా మేడ మీద నుంచి తీసేసి ఆడవాళ్ళు బస్సెక్కే ఊళ్ళోనే రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికే తెరుస్తారు. ఆయాలుగా పెట్టుకున్నది మా దగ్గరే ఇరవై ఏళ్ళు తలలు తీసి వేళ్ళు వంగిపోయిన ఇద్దరు పెద్దావిడల్ని, వాళ్ళని పిల్లలంతా మామ్మా అంటారు. పాలు తాగే పిల్లల్ని మాత్రం ఆటోలో రెండుసార్లు ప్లాంటుకి తెస్తారు, గేటు పక్కనే ఒక చిన్న గది, అందులో ఒక ఫ్యాను, తలుపుకి లోపల గడియ, వేడినీళ్ళ గీజరు. మొత్తం ఖర్చులో అన్నిటికంటే తక్కువ ఆ గీజరుదే. తల్లులు ముందు దాని కిందే చేతులు పెట్టుకుంటారు.

ఇదేమీ మేము కనిపెట్టింది కాదు. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి కోసం కట్టడాలు జరుగుతుంటే, మట్టిలో పడి ఉన్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహదేవన్ అనే ఆవిడ అక్కడే ఒక టెంటు వేసి క్రెష్ మొదలుపెట్టారు. మొబైల్ క్రెషెస్ సంస్థ అలా పుట్టింది. పని ఎక్కడుంటే పిల్లల చోటు అక్కడికి రావాలి, ఆవిడ పట్టుకున్నది ఆ ఒక్క విషయం.

ఇక డబ్బు సంగతి. ప్రసూతి సెలవు 2017లో 12 వారాల నుంచి 26 వారాలైంది, మొదటి ఇద్దరు పిల్లలకి. బిడ్డకి ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప వేరేది పెట్టొద్దని డాక్టర్లు చెప్తారు కదా, 26 వారాలంటే ఆ ఆరు నెలలే. ఇందులో చాలామంది ఓనర్లకి తెలియనిది ఏమిటంటే, నెలకి 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఈఎస్‌ఐలో, అంటే ప్రభుత్వ కార్మిక బీమాలో ఉన్నవాళ్ళకి ఆ 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది, మీ జేబులోంచి కాదు. ముందు రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో, అంటే చందా లెక్కేసే ఆరేసి నెలల గడువుల్లో, 70 రోజుల చందా పడి ఉంటే చాలు. అలాంటిది, కడుపుతో ఉందని తెలియగానే మేస్త్రీ పేరు తీసేయడం, కొన్నాళ్ళకి కొత్త పేరుగా ఎక్కించడం దేనికి? ఆమె కాంట్రాక్టర్ మనిషి, మాకు సంబంధం లేదు అంటారు. ఏజెన్సీ ద్వారా పనిచేసినా వర్తిస్తుందని 1961 నాటి ప్రసూతి చట్టంలోనే రాశారు. మస్టర్ రోల్ మీద రోజుకూలీకి పనిచేసే ఆడవాళ్ళకి కూడా ప్రసూతి హక్కులుంటాయని సుప్రీంకోర్టు 2000లోనే ఢిల్లీ కార్పొరేషన్ కేసులో చెప్పేసింది.

తండ్రుల గురించి ఒక్క మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది, ప్రైవేటులో చట్టం ఏమీ లేదు, మన ఇష్టం. మేము లోడింగ్ వాళ్ళకి, డ్రైవర్లకి జీతంతో ఐదు రోజులిచ్చాం. తిరిగొచ్చిన ఒక ఫ్రీజర్ ఆపరేటర్ స్వీట్ పెట్టి "బిడ్డకి స్నానం చేయించడం వచ్చేసిందండీ" అన్నాడు, అప్పటికే అతనికి ఇద్దరు పిల్లలు.

వీటన్నిటికీ డబ్బెక్కడిది అని ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి వెళ్ళినప్పుడు ఈ గదిలో ఉన్నవాళ్ళకి ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో కూడా తెలుసు. ఆ టెన్షన్‌లో క్రెష్ గురించి మాట్లాడితే కోపం వస్తుంది. కానీ సాయంత్రం ఏడింటికి మెసేజ్ పెట్టడానికి ఏ సుంకమూ అడ్డు రాదు. బస్సులో పిల్లల్ని ఎక్కనివ్వడానికీ డబ్బు అక్కర్లేదు. డబ్బు పెట్టాల్సిన చోట కలిసి పెట్టుకోవచ్చు. పాత ప్రసూతి చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది, 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లో ఉంది. 50 మంది ఉద్యోగులున్న ప్రతి చోటా క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు అని చెప్తూనే, కొన్ని సంస్థలు కలిసి ఒకే క్రెష్ నడుపుకోవచ్చని కూడా అందులో రాశారు. మన భీమవరం చుట్టుపక్కల ఒకే రోడ్డు మీద నాలుగైదు ప్లాంట్లు, వాటన్నిటికీ అవే ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు. ఎవరికి వాళ్ళు మేడ మీద గది కట్టి తాళం వేసుకునే బదులు, ఊళ్ళో ఒక ఇల్లు చాలు.

ఆ ఇల్లు నేను చూసి వచ్చాను. బస్సు ఆగే చోటికి ఐదు నిమిషాల నడక, వెనక వేప చెట్టు, మంచినీళ్ళ బోరు ఉంది. గచ్చు కొంచెం పగిలింది, వేయించాలి. ఇంటాయనతో అద్దె కూడా మాట్లాడాను, ఐదు ప్లాంట్లు పంచుకుంటే తలా ఎంత పడుతుందో ఈ కాగితం మీద వేశాను. ఆ రోడ్డు మీదున్న ప్లాంట్ల వాళ్ళు భోజనాలకి వెళ్ళే ముందు ఒక్క పది నిమిషాలు ఆగితే అందరం కలిసి చూద్దాం. నమస్తే.