లౌషా గాజు పిట్ట వయసు

అందరికీ నమస్కారం.

పాత జర్మన్ క్రిస్మస్ బొమ్మ ఏది చేతికిచ్చినా, చాలామంది ఆకారం చూసి వయసు చెప్పమంటారు. ఆకారాన్ని బట్టి వయసు చెప్పలేం. ఎందుకో తెలియాలంటే ముందు జర్మనీలోని లౌషా అనే ఊరి గురించి కొంత చెప్పాలి.

తురింగియా కొండల్లోని ఆ ఊళ్లో గాజు కొలిమి 1597లో వెలిసింది. క్రిస్మస్ చెట్టుకు కట్టే గాజు గుండ్ల ప్రస్తావన మాత్రం 1848 నాటి ఆర్డరు పుస్తకంలో కనిపిస్తుంది. 1867లో ఊరికి గ్యాస్ వచ్చాక మంట బాగా వేడిగా, నిలకడగా దొరికింది. పల్చటి పెద్ద బుడగలు ఊదడం అప్పుడే తేలికైంది. వేడెక్కిన గాజు గొట్టాన్ని అచ్చులో పెట్టి ఊదితే పండ్లు, పిట్టలు, క్రిస్మస్ తాతలు వచ్చేవి.

పనంతా ఇళ్లల్లోనే జరిగేది. మగవాళ్లు ఊదేవారు. ఆడవాళ్లు లోపల సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోసి, వేడినీళ్లలో ఆడిస్తూ వెండి పూత పట్టించేవారు. రంగులు వేయడానికి, వేలాడదీసేందుకు మెడకు మూతలు బిగించడానికి పిల్లలు కూడా కూర్చునేవారు. సరుకు దగ్గర్లోని సోన్నెబెర్గ్ పట్టణపు వ్యాపారుల చేతికి వెళ్లేది. 1880లో ఎఫ్. డబ్ల్యూ. వూల్వర్త్ అనే అమెరికా వ్యాపారి అమ్ముడవుతుందన్న నమ్మకం లేకుండానే 25 డాలర్ల సరుకు తీసుకున్నాడు. అది రెండు రోజుల్లో అమ్ముడైపోయిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆ బొమ్మలకు కళ్లు దిద్దిన పిల్లల్లో ఒక్కరి పేరూ మనకు తెలియదు. ఈ విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లౌషా తూర్పు జర్మనీలోకి వెళ్లింది. కొందరు గాజు పనివాళ్లు సరిహద్దు దాటి పశ్చిమ జర్మనీలో కోబుర్గ్ దగ్గరి నాయ్‌స్టాట్‌లో స్థిరపడ్డారు. తరాలుగా వచ్చిన పాత అచ్చుల్లో ఈనాటికీ బొమ్మలు ఊదుతున్నారు. కాబట్టి ఒకే పిట్ట 1900 నాటిదైనా కావచ్చు, నిరుడు చేసిందైనా కావచ్చు.

మరి ఏం చూడాలి? ఇదిగో, ఈ పిట్ట చూడండి. తోక సన్నటి గాజు పోగులతో చేశారు, కొన్ని విరిగిపోయాయి. కాళ్ల చోట కొమ్మకు పట్టే క్లిప్ ఉంది. ముక్కు దగ్గర రంగు లేచిపోయి కింద వెండి కనబడుతోంది. అక్కడక్కడ ఆ వెండి నల్లబడి మచ్చలు కట్టింది. ఈ మచ్చలే నాకు ముద్దు. మెరుగు తగ్గిందని ఎవరైనా దీనికి కొత్త రంగు పూస్తే చరిత్ర చెరిపేసినట్టే. గీసుకుపోయిన పాత గీతల లోపలికి కూడా రంగు దిగి ఉంటే అది తర్వాత పూసిందని పట్టేయవచ్చు.

వేలాడే బొమ్మలకైతే మూత కూడా చూడండి. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే ఆ మూత 1949 తర్వాతిది. అయితే మూతలు మార్చడం చాలా తేలిక, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

దయచేసి వీటిని నీళ్లతో కడగకండి. రంగు ఊడివస్తుంది, మెడలోంచి తడి దిగితే వెండి పాడవుతుంది. మెత్తటి పొడి బ్రష్ చాలు. కొనేటప్పుడు మూత తీసి లోపల చూపించమని అడగండి, కానీ తీసే పని అమ్మేవాళ్లకే వదిలేయండి. మెడ అంచు చాలా పల్చగా ఉంటుంది, అక్కడే తేలిగ్గా పగులుతుంది.