కార్డు, కుళాయి

సభకు నమస్కారం.

రాష్ట్ర ప్రభుత్వాలు ప్రజారోగ్యానికి ఏం చేస్తున్నాయో చెప్పమని పిలిచారు. శ్రీకాకుళం జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన చోటు నుంచే మాట్లాడతాను.

ఆస్పత్రిలో మందు లేదంటే మనం ఎదురుగా ఉన్న నర్సమ్మని తిడతాం, కోపం ఇంకా మిగిలితే ఢిల్లీని తిడతాం. రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూడండి. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆస్పత్రులు రాష్ట్రాల జాబితాలో ఉంటాయి. కేంద్రం డబ్బులిస్తుంది, పథకాలు పంపుతుంది. డాక్టర్ని వేయాల్సింది, మందు కొనాల్సింది మాత్రం రాష్ట్రమే.

మన రాష్ట్రం చేసిన మంచి ముందు చెప్పాలి. పాము కరిచినవాణ్ణి నులక మంచం మీద మోసుకొచ్చిన రోజులు చూశాను. వాళ్లు వచ్చేసరికి చాలాసార్లు నాకు పని ఉండేది కాదు. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. కుయ్ కుయ్ మంటూ ఆ బండి ఊళ్లోకి రావడం ఎంత పెద్ద మార్పో ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ వచ్చింది. మొదట మూడే జిల్లాలు: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. తెల్ల కార్డున్న కూలివాడు కార్పొరేట్ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకుని నడిచి ఇంటికొచ్చాడు. తాకట్టు పెట్టాల్సిన పొలం మిగిలింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది.

తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారింది, బోర్డులు రాసేవాళ్లకి పని దొరికింది. పరిమితీ పెరిగింది. మొదట్లో రెండు లక్షల లోపు ఉండేది. 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలు చేసింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలంది.

నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. కార్డు ప్రధానంగా పనిచేసేది మంచం ఎక్కాక. బీపీ మాత్రకి నెలకి అయ్యే ఖర్చు కొద్దిపాటిదే. ఆ మాత్ర దొరక్కో, ఎవరూ బీపీ చూడకో పక్షవాతం వచ్చి పడ్డాక లక్షలు ఖర్చు పెడతాం. ఇంటి దగ్గరే బీపీ, షుగర్ చూసే ఏర్పాట్లు తర్వాత వచ్చాయి. హైదరాబాద్‌లో 2018లో బస్తీ దవాఖానాలు, ఆంధ్రలో విలేజ్ క్లినిక్‌లు. వాటి గురించి సభల్లో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఓట్ల లెక్కలో బీపీ మాత్ర కనిపించదు కదా.

మా శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం, అక్కడి కిడ్నీ జబ్బు సంగతి చెబుతాను. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటలు. బయటివాళ్లు చూసి కోనసీమలా ఉందంటారు. అక్కడ పొలం పనికి పోయే మనిషికి షుగరుండదు, బీపీ ఉండదు, కాళ్లు వాస్తాయి. రక్తపరీక్ష చేస్తే, కిడ్నీ పాడైతే పెరిగే క్రియాటినైన్ ఆకాశంలో ఉంటుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఒకప్పుడు డయాలసిస్‌కి విశాఖ పోవాలి. ఇచ్ఛాపురం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. వారానికి రెండుసార్లు, తోడు మనిషితో. డయాలసిస్ ఉచితమైనా బస్సు ఛార్జీలకి తోటలు అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు.

తర్వాత సోంపేటలో, పలాసలో డయాలసిస్ కేంద్రాలొచ్చాయి, పింఛన్లొచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభించారు. అదే రోజు ఇంకొకటి కూడా ప్రారంభమైంది: హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల పథకం. మర్నాడు జనం నాతో ఆస్పత్రి గురించే మాట్లాడారు. పైపుల గురించి ఒక్కరూ అడగలేదు. నీళ్లే కారణమని రుజువు కాకపోయినా, డాక్టరుగా నాకు ఆ పైపుల మీదే ఎక్కువ ఆశ.

నీళ్ల విషయంలో మన ఆలస్యం కొత్తది కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంకరపోయే జబ్బు ఫ్లోరోసిస్. మద్రాసు ప్రెసిడెన్సీలో దాన్ని వైద్యులు గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అదే జబ్బుతో నలిగిన నల్లగొండ ఇళ్లకి నదినీళ్లు తెచ్చిన మిషన్ భగీరథ ప్రారంభమైంది 2016లో. ఈ మధ్యలో ఎన్ని వెన్నెముకలు వంగిపోయాయో!

పక్కనున్న తమిళనాడుని చూస్తే నాకు కొంచెం ఈర్ష్య. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం మనకీ వాళ్లకీ ఉమ్మడి ఆస్తి. వాళ్లు ప్రజారోగ్యానికి విడిగా ఒక డైరెక్టరేటు, దానికి సొంత సిబ్బంది పెట్టుకుని నిలబెట్టుకున్నారు. 1990ల నడుమ మందులు కొనడానికి ఒక కార్పొరేషన్ పెట్టారు. ఏ గోడౌన్‌లో ఏ మాత్ర ఎన్ని ఉన్నాయో కంప్యూటర్లో కనబడేలా చేశారు. మనకీ మందులు కొనే కార్పొరేషన్ ఉంది.

చివరగా ఒక చిన్న పరీక్ష. గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి ఓటీ (ఆర్థోటొలిడిన్) మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగొస్తుంది. దాన్ని రాసే పుస్తకం ఒకటుంటుంది. మీ ఊళ్లో ఆ పుస్తకం చూపించమని అడగండి. మొన్న మా ఊళ్లో నేనడిగాను. పుస్తకం ఉందన్నారు. బీరువా తాళం పట్టుకెళ్లినాయన సెలవులో ఉన్నాడట.