డెన్వర్ ఎయిర్‌పోర్ట్: గుడ్డతో వేసిన పైకప్పు

నమస్కారం అండీ! అత్తయ్యగారు, మామయ్యగారు హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అమెరికాలోని డెన్వర్‌కు వచ్చారు. బయటికి రాగానే అత్తయ్యగారు తల పైకెత్తి, "ఇంత డబ్బున్న దేశంలో షామియానా వేశారేమిటమ్మా?" అన్నారు.

ఆవిడ అన్నది సగం నిజమే. ఈ ఎయిర్‌పోర్ట్ ప్రధాన భవనమైన జెప్పెసెన్ టెర్మినల్ పైకప్పు గుడ్డే, కాకపోతే టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ. మందం మిల్లీమీటరు కూడా ఉండదు. పై పొర వానను, మంచును ఆపుతుంది, లోపలి పొర చప్పుడును తగ్గిస్తుంది. పగటి వెలుతురు గుడ్డలోంచే మెత్తగా దిగుతుంది కాబట్టి ముఖాల మీద గాఢమైన నీడలు పడవు. వీడియో తీసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

మామయ్యగారు సివిల్ ఇంజినీరుగా రిటైరయ్యారు. ట్రాలీ అక్కడే ఆపేసి, "మంచు పేరుకుంటే?" అని అడిగారు. గుడ్డను పైకెత్తి పట్టేది రెండు వరుసల్లో ఉన్న 34 ఉక్కు స్తంభాలు. స్తంభాల దగ్గర గుడ్డ లేచిన శిఖరాల మీదుగా వెళ్లే తీగలు మంచు బరువును మోస్తాయి. శిఖరాల మధ్య లోయల్లో సాగే తీగలు గాలికి గుడ్డ ఎగిరిపోకుండా కిందికి బిగించి ఉంచుతాయి.

నాకు మాత్రం శిఖరాలకన్నా అంచులే ఇష్టం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. గాలికి పైకప్పు కాస్త కదులుతుంది, గాజు గోడ కదలదు. రెంటినీ గట్టిగా కలిపేస్తే అద్దాలు పగులుతాయి. అందుకే మధ్య సందులో గాలి నింపిన గుడ్డ గొట్టం పెట్టారు. పైకప్పు కదిలినప్పుడల్లా అది నొక్కుకుంటుంది, మళ్లీ ఉబ్బుతుంది. దీన్ని చూసి మామయ్యగారు "భేష్" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం అరుదు!

ఆర్కిటెక్ట్ కర్టిస్ ఫెంట్రెస్. గుడ్డ నిర్మాణంలో తోడ్పడిన ఇంజినీరు హోర్స్ట్ బెర్గర్ అంతకుముందు జెడ్డాలో హజ్ యాత్రికుల టెర్మినల్ గుడారాలకూ పనిచేశారు. అక్కడ ఎండకు అడ్డుగా వేసిన గుడ్డను ఇక్కడ మంచుకు అడ్డుగా వేశారు.

నా ఫిర్యాదు ఒక్కటే. ఇంత అందమైన హాలును 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఏళ్ల తరబడి భద్రతా తనిఖీల క్యూలు ఆక్రమించాయి. షూ విప్పుకునే హడావిడిలో పైకప్పును చూసేదెవరు? ఇప్పుడు తనిఖీలను పై అంతస్తుకు మార్చేశారు, మంచిదే.

ఇంకో సంగతి. ఈ ఎయిర్‌పోర్ట్ 1995 ఫిబ్రవరి 28న తెరుచుకుంది, అనుకున్నదానికన్నా ఏడాదికి పైగా ఆలస్యంగా. పైకప్పు వల్ల కాదు, సామాన్లు మోసే ఆటోమేటిక్ యంత్రాలు పెట్టెలను చిందరవందర చేయడం వల్ల. అది వినగానే అత్తయ్యగారు ట్రాలీలోని పెట్టెలను మళ్లీ లెక్కపెట్టారు.