కల్నల్‌కి ఆ 'ర' ఎక్కడిది?

ఇంగ్లీషు వార్తల్లో ఆర్మీ ఆఫీసర్ల పేర్లు చదువుతున్నప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి, మనం కల్నల్ అనే మాటని వాళ్లు కర్నల్ అంటారు. స్పెల్లింగేమో సీ, ఓ, ఎల్, ఓ, ఎన్, ఈ, ఎల్. అందులో 'ఆర్' అన్న అక్షరమే లేదు! మరి ఆ 'ర' ఎలా వచ్చింది?

దీని పుట్టిల్లు ఇటలీ. అక్కడ 'కొలొన్నా' అంటే స్తంభం, బారులు తీరి నడిచే సైనిక దళానికీ అదే మాట, ఆ దళాన్ని నడిపించేవాడు 'కొలొన్నెల్లో'. ఫ్రాన్సుకి వెళ్లేసరికి నాలుకకి ఇబ్బందైంది, ఒకే మాటలో అటొక 'ల', ఇటొక 'ల'. అందుకని మొదటిదాన్ని 'ర' చేసేసి 'కొరొనెల్' అన్నారు. భాషల్లో ఇది మామూలే. పాలరాతికి లాటిన్ మాట 'మార్మొర్', అందులో ఉన్న రెండు 'ర'ల్లో రెండోది ఇంగ్లీషుకొచ్చేసరికి 'ల' అయిపోయి మార్బుల్ అయింది.

16వ శతాబ్దం మధ్యలో ఇంగ్లీషువాళ్లు తీసుకున్నది ఫ్రెంచివాళ్ల 'ర' మాటే, రాయడం కూడా ఆర్‌తోనే రాశారు. తర్వాత ఇటాలియన్ యుద్ధవిద్య పుస్తకాలు అనువాదమవుతుంటే, అసలు రూపం ఇదీ అని 'ఎల్' మళ్లీ వచ్చి చేరింది. చాలాకాలం రెండు రకాలుగానూ పలికారు, చివరికి రాతలో ఎల్ నిలబడింది, నోట్లో ఆర్ ఉండిపోయింది. ఈలోపు మధ్యలో అచ్చు కూడా జారిపోయి మూడు సిలబుల్స్ కాస్తా రెండయ్యాయి: కర్, నల్. ఒత్తి పలికేది మొదటిదాన్నే. అమెరికన్లు 'ర్' గట్టిగానే అంటారు, లండన్ వైపు అది వినపడదు, 'క' కాస్త సాగుతుందంతే.

నాకు బాగా నచ్చింది మాత్రం మన సంగతి. హిందీలో కర్నల్, విన్నది విన్నట్టే. మనది స్పెల్లింగ్ దారి, కల్నల్. కానీ లెఫ్టినెంట్ దగ్గర చూడండి, స్పెల్లింగ్‌లో ఎక్కడా ఎఫ్ లేదు, బ్రిటిష్‌వాళ్ల నోట్లో ఉన్న 'ఫ'నే మనం పట్టుకున్నాం. అంటే లెఫ్టినెంట్ కల్నల్ అనే ఒక్క హోదాలో మొదటి మాట చెవితో తెచ్చుకున్నది, రెండోది కంటితో!

అందుకే కల్నల్ తప్పు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. భారత టెస్టు జట్టు తొలి కెప్టెన్ మనకి కల్నల్ సి.కె. నాయుడే, దాన్ని ఎవరూ దిద్దక్కర్లేదు. సైన్యంలో ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు మాత్రం అక్కడ ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కర్నల్ అనండి, ఇప్పటినుంచే నోటికి అలవాటు చేసుకోండి.