కొత్తవాడ జంపఖానా చారలతో చిన్న జిప్పు పర్సు | ట్యునీషియన్ క్రోషే | హన్మకొండ వ్లాగ్

నమస్తే అందరికీ! ఈసారి వీడియో డాలస్ నుంచి కాదు, హన్మకొండల మా అమ్మ వాళ్లింటి నుంచి. సంక్రాంతికి వచ్చినం. వంటింట్ల సకినాలకు బియ్యం నానబోసిన్రు, పిండి పట్టించుకొచ్చేదాకా నాకు టైం దొరికింది. అందుకే ఇయ్యాళ చిన్న జిప్పు పర్సు అల్లుదాం. 7 అంగుళాల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. ఫోను, తాళంచెవులు, కొన్ని నోట్లు పడతయి. బజారుకు పోయేటప్పుడు చేతుల పట్టుకుంటే చాలు.

క్రోషే, అంటే కొక్కెం ఉన్న సూదితో (హుక్) దారం అల్లే పని, అనంగనే మన తెలుగోళ్లకు ముందుగా యాదికొచ్చేది నర్సాపురం లేసు. సన్నని దారం, సన్నని స్టీలు సూది, అంతా జాలీ పని. 2024ల దానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. నాకు ఆ పనంటే ఎంతో గౌరవం. కాని పర్సుకు జాలీ పనికిరాదు, తాళంచెవి కొన బయటికి పొడుచుకొస్తది. పర్సుకు కావాల్సింది మందంగా, సాగకుండా నిలబడే బట్ట. ట్యునీషియన్ క్రోషే సరిగ్గా అట్లనే ఉంటది.

ఎట్లంటే, మామూలు క్రోషేల ఒక కుట్టు పూర్తయినంకనే ఇంకోటి. హుక్ మీద చివరికి ఒక్క లూపే మిగులుతది. ఇందులో కుడి నుంచి ఎడమకు పోతూ ఒక్కో కుట్టుల నుంచి ఒక్కో లూపు లాగి, అన్నిటినీ హుక్ మీదనే ఉంచుకుంటం. చివరిదాకా పోయినంక, తిరిగి కుడికి వస్తూ ఒక్కొక్కటి దించుకుంటం. పోవుడు, వచ్చుడు రెండూ కలిస్తేనే ఒక వరుస. అల్లికను మధ్యల తిప్పేది లేదు, ముఖం ఎప్పుడూ మన దిక్కే ఉంటది.

మొన్న వరంగల్ల కొత్తవాడకు పోయినం, జంపఖానాలు (దర్రీలు) నేసే కాడికి. వరంగల్ దర్రీలకు 2018ల జీఐ వచ్చింది, కాని అంతకు ముందు నుంచీ మా ఇంట్ల పెండ్లికైనా పేరంటానికైనా కింద పరిచేది అవే. మగ్గం పక్కన నిలబడి చూస్తే పేక దారం ఎంత గట్టిగా దగ్గరికి కొడతరంటే, కింద పడుగు కనపడనే కనపడదు. రంగు మారిన కాడ చార కత్తితో కోసినట్టు నిటారుగా వస్తది. అక్కడ నిలబడ్డప్పుడే నాకు ఈ పర్సు ఆలోచన వచ్చింది. ట్యునీషియన్ సింపుల్ స్టిచ్‌ను దగ్గర నుంచి చూడండి: నిలువుగా నిలబడ్డ పోగులు, వాటి వెనక నుంచి అడ్డంగా పోయే దారం. క్రోషేలన్నిట్ల మగ్గం బట్టకు దగ్గరగా కనిపించేది ఇదే. అందుకని జంపఖానా చారలు దీని మీద చాలా అందంగా కూసుంటయి. ఎరుపు, ముదురు నీలం, మధ్యల సన్నగా తెలుపు తీసుకున్న.

దారం కాటన్, 8 ప్లై, అంటే మరీ సన్నం కాదు, మరీ మందం కాదు. నేను డాలస్ నుంచి తెచ్చుకున్న, ఎందుకంటే ఇక్కడ ఊలు షాపుల్ల ఎక్కువగా యాక్రిలిక్కే కనిపించింది. అమెరికాల అన్నిటికన్నా ఎక్కువ పత్తి పండేది టెక్సాస్‌లనే. ఇక్కడ వరంగల్ల ఎనుమాముల మార్కెట్ రోడ్డుల ఈ సీజన్ల పోతే పత్తి బండ్లు వరసగా నిలబడి ఉంటయి. నేనుండే ఊరు, నేను పుట్టిన ఊరు రెండూ పత్తి నేలలే అని చెప్పుకోవడం నాకు చాలా ఇష్టం.

హుక్ 5 మిల్లీమీటర్లది. మామూలు క్రోషేల ఈ దారానికి 4 చాలు, కాని ఇందులో పెద్దది తీసుకోవాలె. లేకుంటే బట్ట బిర్రుగా అయ్యి ముడుచుకపోతది. పొడుగు హుక్ లేదని ఆగిపోకండి. పర్సు వెడల్పు తక్కువే కదా, మధ్యల పట్టు లేని మామూలు అల్యూమినియం హుక్ సరిపోతది. వెనక కొనకు రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు చుట్టండి, లూపులు జారిపోవు.

ముందు చైన్, అంటే ఒక లూపుల నుంచి ఇంకో లూపు లాగుతూ అల్లే గొలుసు. నా చేతికి 7 అంగుళాలకు 32 చైన్లు వచ్చినయి. మీ చెయ్యి బిగువైతే ఎక్కువ పడతయి, కాబట్టి లెక్క కన్నా జిప్పు పక్కన పెట్టి కొలుచుకునుడే మేలు. చైన్‌ను వెనక్కి తిప్పితే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తయి. లూపులు ఆ బుడిపెల నుంచి తీయండి, రెండో చైన్ నుంచి మొదలుపెట్టి. అట్ల చేస్తే అంచు సాఫుగా వస్తది, రేపు జిప్పు కుట్టేటప్పుడు దాని విలువ తెలుస్తది.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. దారం వేసి ముందు ఒక్క లూపుల నుంచి లాగండి. ఆ తర్వాత ప్రతిసారీ రెండిట్ల నుంచి. చివరికి హుక్ మీద ఒక్కటి మిగులుతది కదా, అదే పై వరుసల మొదటి కుట్టు. అందుకే మొదటి నిలువు పోగును వదిలేసి రెండో దాని కింద నుంచి హుక్ పెట్టాలె.

కెమెరా ఇంకా దగ్గరికి తెస్త, ఎడమ అంచు చూడండి. ఆఖరి కుట్టుల ఒక్క పోగు కిందనే హుక్ పెడితే అంచు వదులై నోరు తెరుచుకుంటది. అక్కడ పక్కపక్కన రెండు పోగులు ఉంటయి, రెండూ కలిపి పట్టుకోండి. చూసిన్రా, అంచు జడ లెక్క వచ్చింది. పక్కలు కుట్టేటప్పుడు సూది పోవాల్సింది ఈ జడలనే.

రంగు మార్చేది వరుస మొదట్ల కాదు, తిరిగి వచ్చేటప్పుడు. హుక్ మీద ఆఖరి రెండు లూపులు ఉన్నప్పుడు పాత రంగు వదిలేసి కొత్త రంగుతో లాగండి. అట్లయితే కొత్త వరుస మొదటి కుట్టు నుంచే కొత్త రంగుల ఉంటది, చార అంచు నిటారుగా వస్తది. నా కన్నైతే ఆ మగ్గం మీది చార మీదనే ఉంది.

9 అంగుళాల పొడుగు వచ్చేదాకా అల్లి, ఒక్కో పోగుల నుంచి లూపు తీసి అట్లనే హుక్ మీది దాంట్ల నుంచి కూడా లాగేస్తూ ముగించిన. ఈ ముగింపు వదులుగా ఉండాలె.

అమ్మ వచ్చి చూసింది. "ఏందే బిడ్డా, సాప చుట్టినట్టు చుట్టుకపోతుంది?" అన్నది. ఈ అల్లిక తీరే అంత, దారం భారమంతా వెనక ఉంటది కాబట్టి ముందుకు ముడుచుకుంటది. నీళ్లల తడిపి, పిండకుండా టవల్ల ఒత్తి, మెత్త మీద గుండుసూదులతో నాలుగు దిక్కుల బిగించి ఆరబెట్టినం. హన్మకొండ జనవరి ఎండ మెల్లగా తగులుతది, సాయంత్రానికి పొడిగా, చదునుగా అయింది.

ఇక జిప్పు. చేత్తో చేసిన పర్సు మంచిగుందా లేదా అని నేను ముందు చూసేది జిప్పునే. అల్లిక ఎంత అందంగా ఉన్నా, రన్నర్ మధ్యల ఇరుక్కుంటే ఆ పర్సు అల్మారల పడి ఉంటది. అందుకే దీనికి టైం ఎంత పట్టినా ఇయ్యండి.

వరంగల్ చౌరస్తా దిక్కు ఫాల్సు, లైనింగులు, బటన్లు అమ్మే షాపుకు పోయినం. డాలస్‌ల నేను రెడీమేడ్ జిప్పులే కొంట. ఇక్కడ జిప్పు మీటర్ లెక్కన రోల్ నుంచి కోసిస్తరు, రన్నర్ వేరే. షాపాయన 8 అంగుళాలు కోసి, కొనలు రెండూ సమానంగా పట్టుకొని, రన్నర్ రెండు రంధ్రాల్ల ఒకేసారి దూర్చి బొటనవేలితో నెట్టిండు. "రెండు దిక్కులా సమంగ పోవాలె అక్కా, ఒక పన్ను ముందట వడ్డా జిప్పు అలలు కొడ్తది," అన్నడు. ఆ చేతి పనితనం చూసుటానికే ఇంకో రన్నర్ ఎక్కించమని అడిగిన. నైలాన్ జిప్పే తీసుకోండి, బరువు తక్కువ, దారం రంగుకు తగ్గవి బోలెడు దొరుకుతయి.

ఇంటికొచ్చి రెండు కొనల మీద మందం దారంతో పళ్లు కలిపి గట్టిగా చుట్టి కుట్టిన, రన్నర్ ఊడిరాకుండా. అల్లికను చదునుగా పరిచి, పొట్టి అంచును జిప్పు పట్టీ మీద పెట్టి ముందు కచ్చా కుట్టు. అల్లిక అంచుకు, జిప్పు పళ్లకు మధ్య అర సెంటీమీటర్ కన్నా కొంచెం తక్కువ జాగ ఉంచండి, రన్నర్‌ల పోగు పడదు. ఆ తర్వాత ఒక కుట్టు ముందుకు, సగం వెనక్కి, మళ్లీ ముందుకు, మిషన్ కుట్టు లెక్క దగ్గరదగ్గరగా. ఇంకో అంచూ అట్లనే. ఇప్పుడు జిప్పును సగం తెరిచిపెట్టండి. తెరవకుండా పక్కలు కుట్టేస్తే పర్సును బయటికి తిప్పలేం. ఉల్టా చేసి, జిప్పు కొనలు లోపలికి మడిచి, ఆ జడ అంచులు రెండూ కలుపుతూ పక్కలు కుట్టేయండి.

లైనింగ్ అమ్మ పాత కాటన్ చీర కొంగు ముక్క. మెత్తగా, ఎన్నో ఉతుకులు చూసిన బట్ట, ఇంక ముడుచుకునేది లేదు. 8 అంగుళాల వెడల్పు, 10 పొడుగు కోసి, మధ్యకు మడిచి, అర అంగుళం వదిలి రెండు పక్కలు కుట్టినం. పై అంచు కూడా అర అంగుళం లోపలికి మడిచి పర్సుల దించినం. దీన్ని జిప్పు పట్టీకి కుట్టే పని నేను అమ్మకే ఇచ్చిన. ఎన్నో ఏండ్ల నుంచి ఇంటి చీరలన్నిటికీ ఫాల్ కుట్టిన చెయ్యి అది. చూడండి, సూది కొనతో పట్టీల ఒక్క పోగే ఎత్తుతది, బట్ట మడతల నుంచి దారం నడిపిస్తది, పైకి చుక్కంతనే కనపడతది. కుట్టు బిగించదు, అందుకే జిప్పు ఎక్కడా గుంజుకపోలే. "ఫాల్ కుట్టినట్టే గదనే, ఇండ్లేమున్నది?" అంటది. ఇండ్లనే అంతా ఉన్నదమ్మా!

ఉతికేటప్పుడు చల్లనీళ్లు, కొంచెం షాంపూ చాలు. ఎరుపు, తెలుపు పక్కపక్కన ఉన్నయి కాబట్టి ఎక్కువసేపు నానబెట్టొద్దు, నీడకు ఆరబెట్టండి. పిండి పట్టించుకొచ్చిన్రట, సకినాలు చుట్టుటానికి అమ్మ పిలుస్తుంది. ఇంకో రన్నర్ చేతిల ఉంది, వదిన నీలం పర్సు అడిగింది. అది వచ్చే వీడియోల, ఒక రంగుతో పోయి ఇంకో రంగుతో తిరిగొచ్చే పద్ధతిల అల్లుదాం.