రీపర్, ఒసారా రివ్యూ: పక్కన ఎవరూ లేకుండా పాట రికార్డ్ చేసుకోవచ్చా?

నమస్తే అండీ. చూపులేని కుర్రాడు ప్రేమించిన అమ్మాయి కోసం పాట కట్టాడనుకోండి. రికార్డ్ చేయడానికి మౌస్ పట్టుకుని ఇంకొకరు పక్కన కూర్చోవాల్సి వస్తే, ఆమెకంటే ముందు ఆ పాట వాళ్లు వినేస్తారు. అందుకే ఇవాళ చూసేది ఒక్కటే: మొదటి ట్రాక్ నుంచి ఫైల్ పంపేదాకా అతనొక్కడే చేసుకోగలడా?

రీపర్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. 60 రోజులు అన్ని ఫీచర్లతో వాడి చూడొచ్చు. ఒసారా దానికి ఉచిత ఎక్స్‌టెన్షన్. రీపర్‌లో జరిగేదాన్ని స్క్రీన్ రీడర్‌కి, అంటే తెర మీదది చదివి వినిపించే ప్రోగ్రాముకి, అందిస్తుంది. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వాడే పద్ధతి చెబుతున్నాను. ఒసారా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీమ్యాప్ (ఏ కీ ఏ పని చేయాలో చెప్పే పట్టిక) మార్చమంటారా అని అడుగుతుంది, అవుననండి. లేకపోతే ఇప్పుడు చెప్పే కీలు కొన్ని పనిచేయవు.

కంట్రోల్ టీ నొక్కితే కొత్త ట్రాక్. ఎఫ్7తో దాన్ని ఆర్మ్ చేయాలి, అంటే రికార్డింగ్‌కి సిద్ధం చేయాలి. ఆర్ నొక్కితే రికార్డింగ్ మొదలు, స్పేస్ నొక్కితే ఆగుతుంది. ఇంతవరకూ హాయిగా ఉంటుంది.

అసలు చిక్కు స్క్రీన్ రీడర్ మాటతో వస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఏసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) పెట్టగానే ఎన్‌వీడీఏ మూగబోవచ్చు. కొన్ని డ్రైవర్లు సౌండ్ పరికరాన్ని రీపర్‌కే అప్పగించేసి మిగతా ప్రోగ్రాముల్ని బయట పెడతాయి. చూపున్నవాళ్లకి ఇది చిన్న విషయం. వినికిడి మీదే ఆధారపడినవాళ్లకి మాత్రం కంప్యూటర్ మొత్తం ఆగిపోయినట్టే. కాబట్టి ఏసియో పెట్టకముందే ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో ఆడియో అవుట్‌పుట్‌ని ల్యాప్‌టాప్ సొంత సౌండ్‌కార్డుకి మార్చేయండి. ఒక చెవిలో ల్యాప్‌టాప్ ఇయర్‌బడ్, రెండో చెవిన ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్. రెండూ వైరువే కావాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, తాళం తప్పుతుంది. స్పీకర్లో ఎన్‌వీడీఏ మాట వినిపిస్తే అది మైకులోకి ఎక్కి పాటలో ఉండిపోతుంది.

బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క, చిన్నదైతే ఆలస్యం తక్కువ) పాడేటప్పుడు 128 శాంపిల్స్ పెట్టండి. 48,000 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 2.7 మిల్లీసెకన్లు. మిక్సింగ్‌లో 1024కి పెంచుకోవచ్చు.

లెవెల్ సంగతి. చాలా ఇంటర్‌ఫేసుల్లో గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) ఎక్కువైతే ఎర్ర లైటు వెలుగుతుంది, మనకది పనికిరాదు. ఒసారాలో పీక్ వాచర్ ఉంది, పీక్ (శబ్దం చేరిన గరిష్ఠ స్థాయి) అంకె చదివి చెబుతుంది. గట్టిగా పాడే చరణంలో పీక్ మైనస్ 12 నుంచి మైనస్ 10 డీబీ మధ్య ఉండేలా గెయిన్ తిప్పండి. సున్నా దాటి పగిలిన గొంతును తర్వాత తగ్గించినా బాగుపడదు. ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు చేతికి తగిలే నాబ్‌లున్నదే తీసుకోండి, టచ్ తెర ఉన్నది వద్దు.

ప్లగిన్ల (శబ్దాన్ని మార్చే అదనపు ప్రోగ్రాములు) దగ్గర ఈ జోడీ కాస్త తడబడుతుంది. బయటి ప్లగిన్లు చాలావరకు బొమ్మలాగా గీసిన విండోలు, స్క్రీన్ రీడర్‌కి అందులో ఏమీ దొరకదు. పీ నొక్కితే వచ్చే పారామీటర్ల జాబితా చాలాసార్లు ఆదుకుంటుంది, కానీ అన్నిసార్లూ కాదు. రీపర్‌తో వచ్చే రీఈక్యూ (స్వరంలో బరువు, పదును సరిచేసేది), రీకాంప్ (గట్టి, మెల్లని శబ్దాల తేడా తగ్గించేది) నేర్చుకుంటే ఒక గొంతు, ఒక గిటార్ పాటకి సరిపోతాయి.

నా మాట అడిగితే, ఒక్కడే చేసుకోగలడు. కీలు చేతికి అలవాటయ్యేదాకా ఓపిక పట్టాలి, అంతే.

చివర్లో కంట్రోల్ ఆల్ట్ ఆర్‌తో రెండర్ డైలాగ్ (పాటని ఫైల్‌గా తీసే చోటు) తెరిచి, బౌండ్స్‌లో (ఎంత భాగం తీయాలో అడిగే చోట) ఎంటైర్ ప్రాజెక్ట్ ఉందో లేదో చూడండి. టైమ్ సెలక్షన్ అని ఉండిపోతే ఎంచిన ముక్క మాత్రమే ఫైల్ అవుతుంది. పంపేముందు ఆ ఫైల్‌ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వినండి.