టీకా వికటిస్తే పరిహారం ఎవరిస్తారు?

అందరికీ నమస్కారం. పిల్లల స్కూల్ అడ్మిషన్ కోసమో, ఆఫీసులో ఉచితంగా వేస్తున్నారనో అమెరికాలో మనమంతా టీకాలు వేయించుకుంటూనే ఉంటాం. చాలామందికి ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కాస్త జ్వరం, అంతే. ఏ కొద్దిమందికో వికటిస్తుంది. వాళ్ల కోసం ఇక్కడ ఒక ప్రత్యేక చట్టం ఉందని మనవాళ్లలో చాలామందికి తెలియదు.

1980ల మొదట్లో, డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింత దగ్గులకు పిల్లలకు వేసే డీటీపీ టీకా మీద కేసులు వెల్లువెత్తాయి. ఈ తలనొప్పి మాకెందుకని కంపెనీలు ఒక్కొక్కటే తయారీ మానేశాయి. పిల్లలకు టీకాలే దొరకని పరిస్థితి వచ్చేలా ఉందని, వికటించినవాళ్లకు పరిహారం ఇచ్చేలా 1986లో చట్టం చేశారు, 1988 నుంచి పథకం నడుస్తోంది. డబ్బెక్కడిదంటారా? ప్రతి డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకు 75 సెంట్ల పన్ను. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అనే మూడు జబ్బులకు వేసే ఎంఎంఆర్ అయితే 2 డాలర్ల 25 సెంట్లు. అదంతా ఒక నిధిలో చేరుతుంది.

కేసు కంపెనీ మీద కాదు, ఫెడరల్ ఆరోగ్య శాఖ కార్యదర్శి మీద వేయాలి. జ్యూరీ ఉండదు, ఈ కేసుల కోసమే ఫెడరల్ కోర్టు నియమించిన స్పెషల్ మాస్టర్లు అనే అధికారులు విని తీర్పిస్తారు. తప్పెవరిదో నిరూపించక్కర్లేదు. ఏ టీకా తర్వాత, ఎన్నాళ్లలో, ఏ సమస్య వస్తే అది టీకా వల్లే అనుకోవాలో ఒక పట్టిక ఉంది. పట్టికలో లేనిదైతే రుజువు చేసుకునే భారం మనదే. ఓడిపోయినా, తగిన ఆధారంతో నిజాయితీగా వేసిన కేసైతే లాయర్ ఫీజు నిధి నుంచే ఇస్తారు. నాకు బాగా నచ్చిన నిబంధన ఇది. అలాగని ఏది పడితే అది ఒప్పుకోరు. ఆటిజం టీకాల వల్లే వచ్చిందని వేలమంది వేసిన కేసుల్లో, నమూనాగా తీసుకున్నవాటిని విచారించి 2009, 2010లలో కొట్టేశారు.

ఇప్పుడు మన సంగతి. సూది కండలోకి కాకుండా భుజం కీలు దగ్గర, బాగా పైకి దిగిందనుకోండి. మర్నాటికి చెయ్యి పైకి లేవదు. జడ వేసుకోలేరు, షెల్ఫ్‌లో డబ్బా అందదు. 2017 నుంచి ఇదీ పట్టికలో ఉంది, నొప్పి 48 గంటల్లోపు మొదలవ్వాలి. మనవాళ్లేమో "అదే తగ్గుతుందిలే" అని మాత్రలు మింగుతూ నెలలు గడిపేస్తారు. డాక్టర్ దగ్గరికి త్వరగా వెళ్లండి, నొప్పి ఏ రోజు మొదలైందో రికార్డులో రాయించండి. రేపు చూసేది ఆ కాగితాన్నే. బాధ సాధారణంగా ఆరు నెలలు దాటి ఉండాలి, మొదటి లక్షణం కనిపించిన మూడేళ్లలోపు కేసు వేయాలి.

లోపాలూ ఉన్నాయి. నొప్పికి, మనోవేదనకు ఇచ్చేది 2,50,000 డాలర్లు దాటదు. 1986లో రాసిన అంకె అది, ఇళ్ల ధరలు ఎక్కడికో పోయినా అది మాత్రం కదల్లేదు.

అంతకన్నా అన్యాయం కోవిడ్ టీకాలది. వాటికి 2005 నాటి వేరే చట్టం వర్తిస్తుంది. అక్కడ గడువు టీకా వేసిన రోజు నుంచి ఏడాదే. లాయర్ ఫీజు ఇవ్వరు, నొప్పికి విలువ కట్టరు. కోర్టు గొడవే లేదు, ఆరోగ్య శాఖే విని ఆరోగ్య శాఖే తేలుస్తుంది. అందరూ వేయించుకోండని అంతలా చెప్పిన ప్రభుత్వం చేయాల్సిన పనేనా ఇది? వాటిని పాత పథకంలోకి తేవాలంటే ముందు అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) వాటి మీద కూడా ఆ 75 సెంట్ల పన్ను వేయాలి. ఓటున్నవాళ్లు మీ ప్రతినిధిని అడగాల్సింది అదే.

ప్రశ్నలుంటే అడగండి.